బాక్సులు కొన్నవాళ్లంతా డీజేలు కారు

డీజే పనిలోకి కొత్తగా దిగేవాళ్లకు తెలుగు ఊళ్లలో మొట్టమొదట అందే సలహా 'ముందు సెట్టు కొనుక్కో' అన్నదే. సెట్టంటే కంట్రోలర్ ఒక్కటే కాదు. ఆంప్లిఫయర్లు, బేస్ బాక్సులు, టాప్‌లు, తిరిగే లైట్లు, జనరేటర్, వీటన్నిటినీ మోసే డీసీఎం వ్యాను కూడా అందులోకే వస్తాయి. నగరంలో ఇదే సలహా వేషం మార్చుకుని వస్తుంది. క్లబ్బుల్లో వాడే పెద్ద ప్లేయర్ల మీద చెయ్యి పెడితే తప్ప పని రాదనీ, చిన్న కంట్రోలర్ మీద నేర్చుకున్నదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరనీ అంటారు. రెండు సలహాల అడుగునా ఉన్న నమ్మకం ఒకటే: డీజే విలువ అతని ముందున్న సామాను విలువను బట్టి ఉంటుందని. ఇది తప్పుడు నమ్మకం. ఎందరో కుర్రవాళ్లను అప్పుల్లోకి దించింది. పాట తెలియని చేతులకు వాల్యూమ్ అప్పగించింది. మొత్తం పనికే చెడ్డపేరు తెచ్చిపెట్టింది.

దీని పుట్టుక తెలుసుకుంటే బలం ఎక్కడిదో అర్థమవుతుంది. పెళ్లికీ పండక్కీ మైకుసెట్టు పెట్టించడం తెలుగువాళ్లకు దశాబ్దాల అలవాటు. టెంట్ హౌస్ వాళ్లో సౌండ్ సప్లయర్లో సామాను పంపేవాళ్లు. దానితోపాటు వచ్చిన కుర్రవాడు క్యాసెట్లు మార్చేవాడు. అద్దె సామానుకు, బత్తా కుర్రవాడికి. క్యాసెట్టు పోయి సీడీ, సీడీ పోయి ల్యాప్‌టాప్ వచ్చాయి. గొట్టం మైకుల స్థానంలో మనిషెత్తు బాక్సులు లేచాయి. లెక్క మాత్రం పాతదే. ఇప్పటికీ బేరం 'ఎన్ని బేస్‌లు, ఎన్ని టాప్‌లు' అనే ప్రశ్నతోనే మొదలవుతుంది. పాటలు వేసేదెవరని అడిగే పెళ్లివారు తక్కువ.

సామాను అద్దెకివ్వడం మంచి వ్యాపారమే, కానీ దానికి కావలసిన తెలివి వేరు. లోడింగుకు మనుషుల్ని చూసుకోవాలి, కాలిపోయిన కాయిల్ మళ్లీ చుట్టించాలి, వానకు బాక్సులు తడవకుండా కాపాడుకోవాలి, అనుమతుల కోసం తిరగాలి. మూఢం వచ్చి రెండు నెలలు ముహూర్తాలు లేకపోయినా ఫైనాన్స్ వాయిదా ఆగదు. ట్రాక్టరు అద్దెకు తిప్పేవాడికి సేద్యం రానక్కర్లేదు, సేద్యం నేర్చుకునేవాడు ముందుగా ట్రాక్టరు కొననక్కర్లేదు. కొత్తవాళ్లకు సలహాలిచ్చేవాళ్లు ఈ రెండు వ్యాపారాలనూ ఒకే గాట కట్టేశారు. పాటలు వేయడం నేర్చుకుందామని వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రవాడు ఏడాది తిరిగేసరికి వ్యాను యజమాని అవుతున్నాడు. పాటలు మాత్రం పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఎక్కించి ఇచ్చినవే వేస్తున్నాడు.

ఈ విద్య పుట్టుక చూస్తే సామాను వాదం అక్కడా నిలవదు. 1970 ప్రాంతాల్లో న్యూయార్క్‌లోని శాంక్చువరీ క్లబ్బులో ఫ్రాన్సిస్ గ్రాసో అనే డీజే ఒక రికార్డు దెబ్బ మీద రెండో రికార్డు దెబ్బ పడేట్టు కలిపి, నాట్యం ఆగకుండా నడిపాడు. బీట్‌మ్యాచింగ్ అని నేడు అందరూ అనే పని అదే. అతను దాన్ని సాధన చేస్తున్న నాటికి డీజేల పనిముట్టుగా పేరుపడ్డ టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ బజారులోకే రాలేదు. అది 1972లో వచ్చింది. పని ముందు పుట్టింది, పనిముట్టు తర్వాత వచ్చింది.

హిప్‌హాప్ సంగతి ఇంకా స్పష్టం. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్ ప్రాంతంలోని 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అపార్ట్‌మెంట్‌లో డీజే కూల్ హెర్క్ తన చెల్లెలి కోసం పార్టీ నడిపాడు. సామాను పక్షం వాళ్లు ఇక్కడ ఒక మాట అనవచ్చు: హెర్క్ బాక్సులు ఆ పేటలోనే పెద్దవి కదా అని. నిజమే, అతని సౌండుకు పేరుంది. కానీ తర్వాతి తరం అతని దగ్గర నేర్చుకున్నది బాక్సుల సైజును కాదు. పాట మధ్యలో గొంతూ వాయిద్యాలూ తప్పుకుని డ్రమ్స్ మాత్రమే మోగే ఆ కొద్ది సెకన్ల కోసమే కుర్రకారు కాచుకుని ఉంటున్నారని అతను కనిపెట్టాడు. ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి ఆ ముక్కనే మళ్లీ మళ్లీ వేశాడు. హెర్క్ కళ్లు ఆడే జనం మీద ఉన్నాయి, డయల్ మీద కాదు. అతని వెనకే వచ్చిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ రికార్డు మీద రంగు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఆ ముక్క ఎక్కడ మొదలవుతుందో కంటితోనే పట్టేవాడు. తర్వాతి పాటను హెడ్‌ఫోన్లో ముందుగా వినే ఏర్పాటును చేతిలో ఉన్న విడిభాగాలతో తనే తయారు చేసుకున్నాడు.

సామాను పక్షానికి అన్నిటికన్నా ఇబ్బందికరమైన సాక్షి డేవిడ్ మాంకుసో. 1970 ఫిబ్రవరి 14న న్యూయార్క్‌లోని తన ఇంట్లో అతను మొదలుపెట్టిన పార్టీలు 'లాఫ్ట్' పేరుతో డాన్స్ సంగీత చరిత్రలో నిలిచాయి. అతను స్పీకర్ల మీద విపరీతంగా ఖర్చుపెట్టినవాడే. ఆ ఖర్చు స్పష్టత కోసం, చెవులు అదరగొట్టడానికి కాదు. కొన్నాళ్లకు మిక్సర్‌నే పక్కన పెట్టేశాడు. పాటను పాటతో కలపకుండా, ప్రతి పాటనూ మొదటి నుంచి చివరిదాకా పూర్తిగా వినిపించాడు. అయినా జనం తెల్లవార్లూ ఆడారు. ఏ పాట తర్వాత ఏ పాట అన్న ఒక్క నిర్ణయంతో ఒక రాత్రిని నడపవచ్చని అతను చూపించాడు. మిక్సింగ్ అక్కర్లేదని దీని అర్థం కాదు. మిక్సింగ్‌కు ముందు ఉండవలసినదేమిటో ఇది చెబుతుంది.

ఇక యంత్రం అసలు చేసేదేమిటో చూడాలి. డీజే సెట్టులో రెండు పాటలు ఒకేసారి నడిపే రెండు డెక్కులు, వాటి మధ్య మిక్సర్, జనానికి వినపడకుండా తర్వాతి పాటను ముందుగా వినడానికి హెడ్‌ఫోన్ దారి ఉంటాయి. ఇంతే అవసరం. ఒక పాట నిమిషానికి 126 దెబ్బల వేగంతో, ఇంకోటి 128తో నడుస్తున్నాయనుకుంటే, రెండూ సరిగ్గా కలిసి మొదలైనా 15 సెకన్లకు అర దెబ్బ ఎడం వస్తుంది. అప్పటికి రెండో పాటలో 32 దెబ్బలు పూర్తవుతాయి. ఒక పాట దెబ్బ ఇంకో పాట సందులో పడి, గుర్రం కుంటినట్టు వినిపించేది అప్పుడే. మొదటి పాట వేగాన్ని 1.6 శాతం పెంచితే ఎడం పోతుంది. ఈ పని చేయించడానికి లక్షల ఖరీదు ప్లేయరు అక్కర్లేదు. 2022లో వచ్చిన పయనీర్ డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 వంటి చిన్న కంట్రోలర్ మీద జాగ్ వీల్, పిచ్ స్లైడర్, మూడు పట్టీల ఈక్యూ (బేస్, మధ్య, పై ధ్వనులను విడిగా సర్దేది), క్యూ బటన్ అన్నీ ఉన్నాయి. అది కూడా కొనలేనివాళ్లకు మిక్స్ (Mixxx) అనే సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. ల్యాప్‌టాప్ కీబోర్డు మీదే మొదటి కొన్ని నెలల సాధన సాగుతుంది. పెద్ద ప్లేయర్లకు పెద్ద తెర, గట్టి బటన్లు, రోజూ గంటల తరబడి తట్టుకునే ఒళ్లు ఉంటాయి. పని తెలిసినవాడికి వాటికి అలవాటు పడడం పెద్ద విషయం కాదు. సౌండ్ చెక్‌కు కాస్త ముందు వెళితే చాలు. పని తెలియనివాడికి ఆ ప్లేయర్లు కూడా ఏమీ నేర్పవు.

సామాను పక్షానికి ఎదురుగా ఇంకో వర్గం ఉంది. రెండు పాటల దెబ్బల్నీ యంత్రమే కలిపే సింక్ బటన్ నొక్కేవాడు డీజేయే కాదు, రికార్డు ప్లేయర్ మీద చెవితో కలిపినవాడే అసలైనవాడు అంటారు. పైకి ఇది మొదటి వాదానికి విరుద్ధంగా కనిపిస్తుంది గానీ పొరపాటు అదే: మనిషి నేర్పును ఒక బటన్ ఉండడంలోనో లేకపోవడంలోనో వెతుకుతోంది. ఇంగ్లండులోనో జర్మనీలోనో కంప్యూటర్ మీద తయారైన హౌస్, టెక్నో పాటల వేగం మొదటి నుంచి చివరిదాకా వెంట్రుకవాసి మారదు. అక్కడ సింక్ నొక్కితే కొంప మునిగేదేమీ లేదు. మిగిలిన చేతిని ఈక్యూ మీదో జనాన్ని గమనించడం మీదో పెట్టవచ్చు. చెవితో కలపడం నేర్చుకోవలసిన అసలు కారణం వేరే ఉంది. స్వచ్ఛత కోసం వాదించేవాళ్లకు అది తట్టదు, సామాను అమ్మేవాళ్లకు అది అక్కర్లేదు. తెలుగు పాటలు సింక్‌కు సులువుగా లొంగవు, అదీ కారణం.

సాఫ్ట్‌వేర్ ప్రతి పాటనూ విని, దెబ్బలు ఎక్కడెక్కడ పడతాయో ఒక గీతల పట్టీ గీసుకుంటుంది. దాన్నే బీట్‌గ్రిడ్ అంటారు. సింక్ నడిచేది ఆ గీతల మీదే. డెబ్బైల్లో, ఎనభైల్లో స్టూడియోలో వాద్యబృందం మొత్తం కూర్చుని వాయించిన పాటలో వేగం ఊపిరిలా స్వల్పంగా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పల్లవిలో ఒక వేగం, చరణం చివర ఉత్సాహం ఎక్కి ఇంకో వేగం. మొదటి గీత సరిగ్గా పడినా రెండో చరణానికి వచ్చేసరికి గీత ఒకచోట, తబలా దెబ్బ ఇంకోచోట. అప్పుడు సింక్ నొక్కితే యంత్రం అబద్ధపు గీతను నమ్మి రెండు పాటలనూ ధైర్యంగా చెడగొడుతుంది. చెవి తెలిసిన డీజే జాగ్ వీల్‌ను వేలితో కాస్త తోస్తూ, కాస్త ఆపుతూ పాటను పట్టుకొస్తాడు. లేదా ఆ పాటను కలపడం మానేసి, ముందు పాటను ఒక తాళపు దెబ్బ మీద తెగ్గొట్టి దీన్ని ఎత్తుకుంటాడు.

నడక సమస్య ఇంకా పెద్దది. తెలుగు జానపదంలోనూ మాస్ పాటల్లోనూ ఆరెనిమిది నడక ఎక్కువ. ప్రతి పెద్ద దెబ్బా లోపల మూడు ముక్కలుగా విరుగుతుంది. 2023లో ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు' నడకా అదే. పాశ్చాత్య డాన్స్ సంగీతంలో దెబ్బ రెండుగా, నాలుగుగా విరుగుతుంది. సాఫ్ట్‌వేర్లు పెరిగింది ఆ నాలుగు దెబ్బల లెక్క మీద. అందుకే నిమిషానికి 100 పెద్ద దెబ్బలున్న ఆరెనిమిది పాటను అవి ఒక్కోసారి 150గా చదువుతాయి. తెర మీద అంకె చూసి, 150 ఉన్న ఇంకో పాటను తెచ్చి కలిపినవాడికి ఏం తప్పు జరిగిందో కూడా తెలియదు. అంకె సరిగ్గా వచ్చినా సరే, ఆరెనిమిది పాట మీద సూటిగా నాలుగు కొట్టే కిక్ పెడితే పెద్ద దెబ్బలు కలుస్తాయి, లోపలి ముక్కలు రాసుకుంటాయి. కాళ్లకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది. హైదరాబాద్ బరాత్‌లో తీన్మార్ నడుస్తుండగా ఒక హౌస్ రీమిక్స్ దూరితే ఆడేవాళ్లు అడుగు తప్పి ఒకరి మొహం ఒకరు చూసుకునేది ఇందుకే. అరబ్, ఆఫ్రికా మూలాలున్న మర్ఫా వాద్యం నుంచీ డప్పు నుంచీ నగరం నేర్చుకున్న ఆ అడుగు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ బటన్‌గా లేదు. దాన్ని నేర్చుకునే దారి నలుగురితో కలిసి ఆడడం, పక్కన నిలబడి చప్పట్లతో లెక్కపెట్టడం.

పాట కట్టుబడి కూడా తెలుసుకోవాలి. క్లబ్బు కోసం చేసిన పాటకు ముందూ వెనకా కలపడానికి వీలుగా ఒట్టి దెబ్బలు వదులుతారు. సినిమా పాటకు ఆ సదుపాయం ఉండదు. హఠాత్తుగా గొంతుతో మొదలవుతుంది. తాళం పడ్డాక అర దెబ్బ ఆగి సాహిత్యం ఎత్తుకునే పాటలు కోకొల్లలు, వాటిలో మాట మొదలైన చోటును దెబ్బ మొదలైన చోటుగా పొరబడితే అంతా పక్కకు జరుగుతుంది. కాబట్టి తెలుగు పాటలు వేసేవాడు ప్రతి పాటలోనూ కలపడానికి చోటెక్కడుందో ముందే వెతికి పెట్టుకోవాలి. సాధారణంగా అది మొదటి చరణానికి ముందు వచ్చే వాయిద్యాల ముక్కలో ఉంటుంది. అక్కడ హాట్ క్యూ (ఒక్క నొక్కుతో అక్కడికే చేర్చే గుర్తు) పెట్టి, నాలుగో ఎనిమిదో దెబ్బలను లూప్ చేస్తే కొత్త పాట లోపలికి రావడానికి తలుపు తెరుచుకుంటుంది. గొంతు మీద గొంతు పడకూడదు. రెండు బేస్‌లు ఒకేసారి మోగకూడదు, వచ్చే పాట బేస్ తెరిచే క్షణంలోనే వెళ్లే పాట బేస్ మూసేయాలి. మూడు నెలలు రోజుకో గంట ఈ పని చేసినవాడు, మూడు లక్షల సామాను కొన్నవాడి కన్నా ముందుంటాడు.

సామాను వాదం అసలు నైజం బయటపడేది శబ్దం దగ్గర. బాక్సులు పెంచితే ఊపు పెరుగుతుందని దాని లెక్క. భౌతికశాస్త్రం ఈ లెక్కను ఒప్పుకోదు. ఆంప్లిఫయర్ పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి రెట్టింపు శబ్దంలా అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ పది రెట్లు కావాలి. అంత పెట్టుబడి ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి ఉన్న సామాన్నే పిండుతారు. మిక్సర్ మీద ఎర్ర దీపాలు వెలుగుతుంటే ఊపు వచ్చిందనుకుంటారు. ఎర్ర దీపం అంటే సిగ్నల్ పైఅంచు తెగుతోందని. దెబ్బలో బిగువు పోయి బరబర మిగులుతుంది, ట్వీటర్లు కాలిపోతాయి. గెయిన్‌ను ఆకుపచ్చలోనే, ఎప్పుడో ఒకసారి మాత్రమే పసుపు తగిలేలా ఉంచి, మిగతా శబ్దం కావాలంటే ఆంప్లిఫయర్ దగ్గర పెంచుకోవడం మొదటి రోజే నేర్చుకోవలసిన పాఠం. సెట్టు కొనుక్కోమని చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఈ మాట చెప్పరు, బహుశా వాళ్లకూ ఎవరూ చెప్పలేదేమో.

చట్టం కూడా బాక్సులు పెంచే లెక్కను ఒప్పుకోదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. లౌడ్‌స్పీకర్ వాడే బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితికి 10 మించకూడదు, లేదా 75 దాటకూడదు, ఏది తక్కువైతే అది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బహిరంగ ప్రదేశాల్లో లౌడ్‌స్పీకర్లు ఆపాలి. సుప్రీంకోర్టు 2005 జులైలో దీన్ని గట్టిగా చెప్పింది. ఊరేగింపులో రెండు వ్యాన్లు ఎదురెదురుగా నిలబడి ఎవరి బేస్ గోడల్ని ఎక్కువ అదిరిస్తుందో తేల్చుకునే పోటీలకు ఇందులో ఎక్కడా చోటు లేదు. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను నిషేధించారు. సామానే డీజే అనుకున్నవాళ్ల బతుకు ఒక్క ఉత్తర్వుతో చిక్కులో పడింది. ఇందులో వాళ్ల కష్టం నిజమైనదే. దాన్ని కొని తెచ్చుకోమని సలహా ఇచ్చినవాళ్లు మాత్రం వాయిదాలు కట్టడానికి రారు.

కొత్తవాడు డబ్బూ కాలమూ పెట్టవలసింది పాటల మీద. ఇది పైపై మాటలా వినిపిస్తుంది గానీ చాలా కచ్చితమైన పని. మొదట నాణ్యత. వీడియోల నుంచి లాగిన ఆడియోను 320 కేబీపీఎస్ ఎంపీ3గా మార్చినంత మాత్రాన పోయిన స్వరాలు తిరిగి రావు, ఫైలు బరువు మాత్రమే పెరుగుతుంది. ఫోన్ స్పీకర్లో కనిపించని ఆ లోటు పెద్ద బాక్సుల్లో రేకు మోతలా బయటపడుతుంది. పాట కొని దాచుకోవాలి, లేదా డీజేలకు చందా మీద పాటలిచ్చే డీజే పూల్స్ నుంచి తీసుకోవాలి. రెండోది, రీమిక్సుల మీద అరిచే పేర్లు. తెలుగు డీజే పాటల్లో సగం చోట్ల పల్లవి ఎత్తుకునేసరికి ఎవరో ఒక డీజే తన పేరూ ఊరూ ప్రతిధ్వనితో కేక వేస్తాడు. అది అతని ప్రకటన, ఇంకో డీజే తన పెళ్లి పార్టీలో దాన్ని వేయడం హాస్యాస్పదం. అలాంటి ఫైళ్లతో లైబ్రరీ నింపుకున్నవాడు ఇంకొకరి విజిటింగ్ కార్డులు పంచుతున్నట్టే లెక్క.

మూడోది విస్తారం. ఉత్తరాంధ్ర జానపదం, తెలంగాణ పాటలు, బంజారా పాటలు, పాత సినిమా పాటలు, తమిళం, హిందీ, పంజాబీ ఇవన్నీ ఒకే పెళ్లిలో అడుగుతారు. సినిమాలో లేని 'బుల్లెట్టు బండి' 2021లో ఒక పెళ్లికూతురి నాట్యంతో ఊరూరా బరాత్ పాటగా మారిపోయింది. సినిమా హిట్ల జాబితా మాత్రమే దగ్గర పెట్టుకున్నవాళ్ల దగ్గర ఆ వారం అది లేదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు పెళ్లి పార్టీకి వెళ్లే డీజే అయితే గుజరాతీ గర్బా, భాంగ్రా, అమెరికన్ హిట్లు కూడా కలుపుకోవాలి. అక్కడ మైకు పట్టుకుని కార్యక్రమం నడపడమూ చాలాసార్లు డీజే పనే. లైబ్రరీని వేగం ప్రకారం మాత్రమే సర్దుకోవడం ఇంకో సాధారణ పొరపాటు. ఏ సందర్భానికి, ఏ వయసువాళ్లకు, ఏ నడక అన్న మూడు గుర్తులూ ప్రతి పాటకూ ఉంటే రాత్రి పదకొండు గంటల కంగారులో చెయ్యి వెతుక్కోదు.

ఒక సంగీత్ రాత్రిని దగ్గరగా చూస్తే సామాను ఎంతవరకు పనికొస్తుందో తెలుస్తుంది. ఏడున్నరకు హాల్లో పెద్దవాళ్లు మాత్రమే ఉంటారు. వాళ్లు మాట్లాడుకోవాలి, కాబట్టి పాత పాటలు, గొంతు పెంచకుండానే మాట వినపడేంత శబ్దం. ఎనిమిదింటికి పెళ్లికూతురి పిన్ని కూతుళ్లు తమ డాన్సు పాటను వాట్సాప్‌లో పంపుతారు. 'ఫైనల్', 'ఫైనల్ 2' అని రెండు ఫైళ్లు. ఏది అసలుదో అడిగి తేల్చుకోవాలి, రెండూ హెడ్‌ఫోన్లో విని ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో రాసుకోవాలి, శబ్దం తక్కువగా ఉంటే గెయిన్ ముందే సరిచేయాలి. పిల్లలు స్టేజి మీద నిలబడ్డాక తప్పు పాట మోగితే ఆ కుటుంబం ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకునేది దాన్నే. భోజనాలయ్యాక డాన్సు నేల ఖాళీగా ఉంటుంది. అందరికీ తెలిసిన పాట ఒకటి వేస్తే ముందు మేనత్తలు లేస్తారు, మేనత్తలు లేస్తే పిల్లలు వస్తారు, తర్వాత కుర్రవాళ్లు. కుర్రవాళ్ల కోసం మొదటి పాటే వేసేసినవాడు మేనత్తల్ని కోల్పోతాడు, ఆ నేల మళ్లీ నిండదు. తాగి వచ్చిన బంధువు అదే పాట మూడోసారి అడిగితే కాదనకుండా 'రెండు పాటలయ్యాక అన్నా' అనగలగాలి. ఇందులో దేనికీ ఖరీదైన బాక్సు సాయం రాదు. సాయం వచ్చేవి రెండు పెన్‌డ్రైవ్‌లు, ఒకటి చెడితే రెండోది. రెండింటిలోనూ అవే పాటలుండాలి.

డబ్బు విషయంలో 'మొదటి ఏడాది పేరు కోసం ఉచితంగా వేయి' అనే సలహా కూడా సామాను వాదం పిల్లే. మనిషి పనికి విలువ లేదనుకుంటే తప్ప ఆ మాట రాదు. స్నేహితుల పుట్టినరోజుకు ఉచితంగా వేయడం సాధన. టిక్కెట్టు పెట్టిన పార్టీకి ఉచితంగా వేయడం యజమానికి చేసిన దానం. అడ్వాన్సు ఎంత, ఎన్ని గంటలు, సమయం దాటితే గంటకు ఎంత, కరెంటు పోతే జనరేటర్ ఎవరిది, ముహూర్తం మారితే అడ్వాన్సు ఏమవుతుంది అనేవి వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా ఉండాలి. పాటల హక్కుల సంగతీ తెలిసి ఉండాలి. కాపీరైట్ చట్టం సెక్షన్ 52(1)(జెడ్ఏ) మతపరమైన వేడుకలకు మినహాయింపు ఇస్తోంది, పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన ఇతర వేడుకలు అందులోకి వస్తాయి. హోటళ్లలో జరిగే పెళ్లిళ్ల విషయంలో వివాదాలు నడిచాక, 2023 జులైలో కేంద్ర ప్రభుత్వ విభాగం డీపీఐఐటీ పెళ్లి వేడుకల్లో పాటలకు రాయల్టీ అడగరాదని ప్రకటన కూడా ఇచ్చింది. పబ్బుకు, కార్పొరేట్ పార్టీకి ఈ మినహాయింపు లేదు, అక్కడ లైసెన్సు ఎవరు తీసుకున్నారో డీజే ముందే అడగాలి.

చెవి గురించి ఎవరూ చెప్పరు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చు, ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర అది 15 నిమిషాలు. బాక్సుల పక్కనే నాలుగు గంటలు నిలబడేవాడు చెవి ప్లగ్గులు పెట్టుకోకపోతే పార్టీ అయ్యాక వినపడే గుయ్‌మన్న మోత కొన్నాళ్లకు పోవడం మానేస్తుంది. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, పని లేనప్పుడు తీసేయడం అలవాటు చేసుకోవాలి.

ఇక కొనవలసినవి, కొనే వరస. ముందు గట్టి వైర్డ్ హెడ్‌ఫోన్, ఎందుకంటే బ్లూటూత్ హెడ్‌ఫోన్లో ధ్వని ఆలస్యంగా వచ్చి దెబ్బ కలపడం కుదరదు. తర్వాత చెవి ప్లగ్గులు, పాటలు, రెండు పెన్‌డ్రైవ్‌లు. ఇంట్లో సాధన రోజూ సాగుతోందని తేలాక చిన్న కంట్రోలర్, కుదిరితే సెకండ్ హ్యాండ్‌ది. బాక్సులు, ఆంప్లిఫయర్లు, వ్యాను కొనాలా అన్న ప్రశ్న రెండు సీజన్లు పని దొరికాకే రావాలి. అప్పుడు కూడా చూసుకోవలసింది ఒక్కటే: ముహూర్తాలు లేని నెలల్లో వాయిదా ఎక్కడి నుంచి కడతారన్నది. దానికి జవాబు దొరికేదాకా ఊళ్లోని సౌండ్ సప్లయర్‌తో రోజు లెక్కన మాట్లాడుకుని, ఆ అద్దెను పార్టీ బిల్లులో డీజే ఫీజు నుంచి విడిగా చూపిస్తే సరిపోతుంది.